సకాలంలో జీతాలిస్తున్నావా, భరతా?

గీతలో నాయకత్వ పాఠాలు, చాణక్యుడి వ్యాపార సూత్రాలు, రామాయణం చెప్పే యాజమాన్య రహస్యాలు అంటూ పుస్తకాలు కుప్పతెప్పలుగా వస్తున్నాయి. కంపెనీలు ఖర్చుపెట్టి మరీ ఉద్యోగులకు తరగతులు చెప్పిస్తున్నాయి. వాటిలో ఎక్కువగా వినబడే మాట ఒకటుంది: పని చెయ్యడమే నీ వంతు, ఫలం మీద ఆశ పెట్టుకోకు. చెప్పేవాడు యజమాని తరఫువాడు, వినేవాడు జీతగాడు. కృష్ణుడు ఆ మాట ఎవరితో అన్నాడో ఒక్కసారి తలుచుకుంటే తిరకాసు ఎక్కడుందో తెలిసిపోతుంది. అర్జునుడు కూలికి వచ్చినవాడు కాడు. ఏడు అక్షౌహిణుల సేన తనను నమ్ముకుని నిలబడి ఉండగా విల్లు కింద పడేసిన రాజకుమారుడు. తనవాళ్ళను చంపాలన్న దుఃఖంతో చేతులు వణుకుతున్న నాయకుడికి చెప్పిన మాట అది. అదే గీత మూడో అధ్యాయంలో, పెద్దవాడు ఎలా నడిస్తే లోకం అలాగే నడుస్తుందని, అందుకే పెద్దవాడు ముందు తన నడత చూసుకోవాలని కృష్ణుడే చెప్పాడు. ఫలం మీద ఆశ వద్దన్న మాటను కూలి అడగకుండా నోరు మూయించడానికి వాడడం గీతకు చేసే అన్యాయం, కూలివాడికి చేసే అన్యాయం. మన ప్రాచీన నీతి గ్రంథాల్లో యాజమాన్యానికి పనికొచ్చే పాఠాలు నిజంగానే ఉన్నాయి. అవి బలమైనవి కూడా. కాకపోతే వాటిలో చాలా భాగం పైకుర్చీలో ఉన్నవాణ్ణి నిలదీసి అడిగే ప్రశ్నలు. విరాటపర్వంలో ధౌమ్యుడు పాండవులకు కొలువు మెలకువలు నేర్పడం లాంటివి కొన్ని లేకపోలేదు. అవి రాజుగారి కంటపడి ప్రాణం మీదికి తెచ్చుకోకుండా ఉండే జాగ్రత్తలు. ఆ జాగ్రత్తలు అవసరమయ్యాయంటే రాజు ఎలాంటివాడో అదే చెబుతోంది.

కంచిలి, సోంపేట, కవిటి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు కలిసిన ఉద్దానానికి ఈ తేడా చిన్నది కాదు. ఇక్కడి బతుకు కొబ్బరి మీద, జీడి మీద, వేట మీద నడుస్తుంది. పీచు మిల్లులో, జీడి కార్ఖానాలో, పడవ మీద, తోటలో, ఎక్కడ చూసినా ఎవరో ఒకరి చెప్పుచేతల్లో పదిమంది పనిచేస్తుంటారు. మీద నుంచి తుపాన్లు, కిడ్నీ జబ్బు, వలస. పైనున్నవాడు సరిగ్గా ఉంటే ఊరు నిలబడుతుంది, లేకపోతే రైలెక్కుతుంది. నాయకత్వం గురించి పాత పుస్తకాలు ఏమన్నాయో నగరంలోని పెద్ద కంపెనీల కంటే ఇలాంటి చోట పెట్టి చూస్తేనే వాటి అసలు బలం, అసలు లోపం రెండూ బయటపడతాయి.

ముందు వాల్మీకి. అయోధ్యకాండ నూరో సర్గ. తండ్రి పోయాడు, అన్నను వెనక్కి తీసుకుపోదామని భరతుడు నార చీరలతో, జడలతో చిత్రకూటం వచ్చాడు. రాముడు తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని క్షేమం అడుగుతూ అడుగుతూ రాజ్యం సంగతులలోకి దిగిపోతాడు. ఆ సర్గ పొడవునా ప్రశ్నలే. ఒక్కడివే కూర్చుని నిర్ణయాలు తీసుకోవడం లేదు కదా? మరీ ఎక్కువమందిని పోగేసి ఏమీ తేల్చకుండా పోవడం లేదు కదా? వెయ్యిమంది తెలివితక్కువవాళ్ళ కంటే కష్టకాలంలో ఒక్క తెలిసినవాడు మేలని ఎరుగుదువు కదా? తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలం వచ్చే పనిని ఆలస్యం చెయ్యకుండా మొదలుపెడుతున్నావా? ధనికుడికీ పేదకూ తగవు వచ్చినప్పుడు నీ మంత్రులు ఆశపడకుండా తీర్పు చెబుతున్నారా? వీటి నడుమ ఒక ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. సైన్యానికి ఇవ్వవలసిన తిండి, జీతం సకాలంలో ఇస్తున్నావా, జాప్యం చెయ్యడం లేదు కదా అని అడుగుతాడు రాముడు. అడిగి ఊరుకోడు, కారణం కూడా చెబుతాడు. జీతం ఆలస్యమైతే కొలువు చేసేవాళ్ళు యజమానిపై కోపగిస్తారు, దానివల్ల వచ్చే అనర్థం అంతా ఇంతా కాదంటాడు. తప్పు ఎవరిదో ఇక్కడ చూడండి. కోపగించిన సేవకుడిని నిందించే మాట ఒక్కటీ లేదు. ఆలస్యం చేసిన రాజు వల్లే అనర్థం. అడవిలో, ఇద్దరు అన్నదమ్ముల మధ్య జీతాల సంగతి ప్రస్తావనకు రావాలని వాల్మీకికి తోచింది. ఆ ఒక్కటి చాలు ఆ సర్గ ఎలాంటిదో చెప్పడానికి.

భారతంలోనూ ఇదే పద్ధతి. మయసభ కట్టించుకుని కొత్తగా కొలువుతీరిన ధర్మరాజు దగ్గరికి నారదుడు వచ్చి సభను మెచ్చుకోవడానికి బదులు వరసగా అడుగుతాడు. తెలుగువారికి ఈ ఘట్టం నన్నయ సభాపర్వం నుంచే తెలుసు. చెరువులు నిండుగా, దేశం నలుమూలలా ఉన్నాయా? సేద్యం వానదేవుడి దయ మీదే నడవడం లేదు కదా? రైతుకు తిండిగింజలు, విత్తనాలు కరవు కాకుండా తక్కువ వడ్డీకి అప్పు దొరుకుతోందా? గుడ్డి, కుంటి, దిక్కులేనివాళ్ళను తండ్రిలా చూస్తున్నావా? సభ ఎంత అందంగా ఉందనేది నారదుడికి తరువాతి సంగతి. ఉద్దానానికి తెచ్చి చూస్తే చెరువుల ప్రశ్నకు బదులు తాగునీటి ప్రశ్న వేసుకోవాలి. మూత్రపిండాల జబ్బుతో ఏళ్ళ తరబడి ఊళ్ళకు ఊళ్ళు నలిగిపోయాక, 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుంచి నీరు తెచ్చే పథకం ప్రారంభమయ్యాయి. నారదుడి పద్ధతిలో అయితే ప్రారంభోత్సవంతో ప్రశ్న అయిపోదు. చివరి ఊళ్ళో చివరి కుళాయికి నీళ్ళు వస్తున్నాయా, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయేవాడు రానుపోను ఖర్చు ఎలా పెట్టుకుంటున్నాడు అన్నచోట ప్రశ్న మొదలవుతుంది.

ఇతిహాసాలు ప్రశ్నలు అడిగితే, చాణక్యుడి పేరు మీదున్న అర్థశాస్త్రం జరిమానాలు రాసింది. మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో ఆర్. శామశాస్త్రి చేతికి 1905లో దాని తాళపత్ర ప్రతి వచ్చింది, 1909లో ఆయన అచ్చు వేయించారు. అంతకు ముందు అది పేరుకే తెలిసిన పుస్తకం. ఒక్కరే రాశారా, ఏ శతాబ్దిది అన్నదానిపై పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మన ప్రస్తుతానికి అది అడ్డు కాదు. మూడో అధికరణంలో పనివాళ్ళ గురించి ఉన్న భాగం చూడండి. ఒప్పుకున్న కూలి ఒప్పుకున్నట్టు ఇవ్వాలి. ముందుగా ఏమీ అనుకోకపోతే సేద్యం చేసినవాడికి పంటలో పదోవంతు, పశువులు కాసినవాడికి నేతిలో పదోవంతు. కూలి ఎగ్గొడితే అందులో పదోవంతు గానీ ఆరు పణాలు గానీ జరిమానా. అసలు ఇవ్వాల్సిందే లేదని బుకాయిస్తే ఇంకా ఎక్కువ. కూలి తీసుకుని పని చెయ్యనివాడికీ జరిమానా ఉంది. అయితే ఒంట్లో బాగాలేక చెయ్యలేకపోయినవాడికి, ఆపదలో ఉన్నవాడికి మినహాయింపు ఉంది. ఐదో అధికరణంలో, రాజు పనిమీద ప్రాణం పోయినవాడి భార్యాబిడ్డలకు తిండి, జీతం అందాలని కూడా రాసి ఉంది. కార్మిక చట్టం అనదగ్గ మాటలు ఇవి.

ఇప్పుడు పలాస, కాశీబుగ్గల్లోని జీడి కార్ఖానాలోకి రండి. తోటల నుంచి, కొంత ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన పిక్కలను ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, ఒక్కో పిక్కనూ కోసి పప్పు విడదీస్తారు. తరువాత వేడిచేసి, పొట్టు ఒలిచి, నిండు పప్పు, బద్ద, ముక్క అని వేరుచేస్తారు. ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళు. పిక్క తొక్కలోంచి ఊరే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఏళ్ళ తరబడి చేసినవాళ్ళ వేళ్ళు చూస్తే తెలుస్తుంది. కూలి చాలాచోట్ల కిలో లెక్కన. పప్పు విరిగితే సరుకు ధర పడిపోతుంది కాబట్టి చెయ్యి నిలకడగా ఉండాలి, కిలో లెక్క కాబట్టి వేగంగానూ ఉండాలి. ఈ రెండింటి మధ్య నలిగే మనిషికి ఫలం మీద ఆశ వదులుకోమని చెప్పడం ఏ ధర్మశాస్త్రమూ ఒప్పదు. ఆమెకు కావలసింది మూడో అధికరణం: రేటు ముందే తెలియడం, ఇవ్వవలసిన రోజు ఇవ్వడం, చేతులు కాలి పనికి రాలేని రోజున పని పోకపోవడం. అలా నడిపే కార్ఖానాలో చెయ్యి తిరిగిన మనిషి పక్క కార్ఖానాకు పోదు, పప్పూ తక్కువ విరుగుతుంది. యాజమాన్య పాఠం అంటే ఇది కూడా. అయితే లాభం వస్తుంది కాబట్టి న్యాయంగా ఉండమని ఆ పుస్తకం అనలేదు. ఇవ్వకపోతే దండుగ కట్టమంది. ఈ రెండో మాటే నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

ఇలాంటి మాటల కోసం పాటలీపుత్రం దాకా పోనక్కర లేదు. బరంపురం దాటాక ఋషికుల్య ఒడ్డున, పురుషోత్తమపురం దగ్గర జౌగడ ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా అదీ, కంచిలీ ఒకే గంజాం జిల్లాలో ఉండేవి. అక్కడి బండ మీద అశోకుడి శాసనాలున్నాయి. సర్ వాల్టర్ ఇలియట్ 1850లో వాటికి నకలు తీయించాడు. మిగతా దేశంలో కళింగ యుద్ధం గురించి పశ్చాత్తాపం చెప్పే పదమూడో శాసనం ఉంటే, యుద్ధం జరిగిన ఈ గడ్డ మీద, ఇక్కడ జౌగడలోను అటు ధౌళిలోను, అది లేదు. దాని బదులు రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. జౌగడలో అవి సమాపా నగరంలో న్యాయం, పాలన చూసే మహామాత్రులను ఉద్దేశించినవి. మనుషులందరూ నా బిడ్డలు అన్న ప్రసిద్ధమైన మాట ఇందులోదే. దాని పక్కన ఉన్న మాటలు అంత ప్రసిద్ధం కాలేదు గానీ, ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు అవే అవసరం. కారణం లేకుండానే కొందరు చెరసాల పాలవుతున్నారు, హింసకు గురవుతున్నారు, అలా జరగకుండా చూడాలంటాడు. ఎందుకు జరుగుతోందో కూడా విప్పి చెబుతాడు: అధికారిలో ఉండే అసూయ, కోపం, కర్కశత్వం, తొందర, అలవాటు లేకపోవడం, సోమరితనం, అలసట. ఇవి నాలో చోటు చేసుకోకూడదని ప్రతి అధికారీ తనకు తాను అనుకోవాలి. వీటన్నిటికీ విరుగుడు నిగ్రహం, తొందరపడకపోవడం. అలసిపోయి కూర్చుండిపోయినవాడు లేవలేడు, లేచి నడవాలి అంటాడు. ఇరవై రెండు శతాబ్దాల కిందట ఒక పాలకుడు తన ఉద్యోగుల తప్పులకు మూలం వాళ్ళ స్వభావంలోనే కాక వాళ్ళ అలసటలోనూ, అనుభవలేమిలోనూ వెతికాడు. ఈ మధ్య కాలపు యాజమాన్య శాస్త్రం చాలా దూరం ప్రయాణించి అదే చోటికి వచ్చింది.

ఇంకో ఏర్పాటు మరీ గొప్పది. ఆ శాసనాన్ని పుష్యమి నక్షత్రం వచ్చిన రోజున చదివి వినిపించాలి. మధ్యలోనూ వినిపించవచ్చు, వినడానికి ఒక్కడే ఉన్నా సరే. ఐదేళ్ళకోసారి కఠినుడు కాని అధికారిని తనిఖీకి పంపుతాననీ చెప్పాడు. అంటే అధికారులకు ఇచ్చిన ఆజ్ఞ అధికారుల మధ్యే ఉండిపోలేదు. అధికారి ఎలా ఉండాలో రాజు ఏం చెప్పాడన్నది ఊళ్ళో వాళ్ళకూ తెలిసింది. అశోకుడు బౌద్ధుడు కదా, హిందూ జ్ఞానం అంటూ ఆయన్ను ఎలా తెస్తావని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆయన ధర్మం బుద్ధుడి దగ్గర నేర్చింది. రాజు, మహామాత్రులు, తనిఖీ, దండనీతి అన్న పాలనా చట్రం మాత్రం ఈ దేశంలో అన్ని మతాల రాజులదీ ఒకటే, అర్థశాస్త్రం వర్ణించేదీ ఆ చట్రాన్నే. శాలిహుండం కొండ మీద స్తూపాలు, వంశధార ఒడ్డున ముఖలింగేశ్వరుడు ఒకే జిల్లాలో ఉన్న నేలకు ఇది వింత కాదు. శైవులైన గంగరాజుల ముఖలింగంలో గోడల మీద, స్తంభాల మీద దానశాసనాలు కిక్కిరిసి ఉంటాయి. అఖండదీపానికి ఎవరు ఏమిచ్చారన్నది నలుగురూ తిరిగే చోట రాయి మీద చెక్కి ఉంచారు. నూనె ఆగిపోతే ఎవర్ని అడగాలో తెలిసేలా పెట్టిన ఏర్పాటది.

ఆపద వచ్చినప్పుడు నాయకుడి సంగతి తేలిపోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. నిలువెత్తు కొబ్బరితోటలు, జీడితోటలు ఒక్కపూటలో నేలమట్టమయ్యాయి. వరిచేను పోతే వచ్చే ఏడు మళ్ళీ వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపు చేతికి రావడానికి ఐదారేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ నడుమ ఇల్లు ఎలా గడవాలన్నదే అసలు ప్రశ్న. అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో ఆపదల గురించి ఒక అధ్యాయం ఉంది. నిప్పు, వరద, రోగం, కరవు మొదలైన ఎనిమిది గండాలు, వాటికి రాజు చెయ్యవలసిన పనులు. వానాకాలంలో ఏటి ఒడ్డు ఊళ్ళవాళ్ళు వరద తాకని చోటికి తరలాలి. పలకలు, వెదుళ్ళు, పడవలు ముందే సిద్ధం చేసుకోవాలి. కొట్టుకుపోతున్నవాణ్ణి సొరబుర్రలతో, తోలు తిత్తులతో, తాళ్ళతో కాపాడాలి. పడవ ఉండీ కాపాడడానికి పోనివాడికి 12 పణాల జరిమానా, పడవ లేనివాడికి మినహాయింపు. కరవొస్తే రాజు విత్తనాలు, తిండి ఇవ్వాలి, లేదా తిండి పెట్టి కోటలు, చెరువు కట్టలు కట్టించాలి. ముందే సర్దిపెట్టుకోవడం, చేయగలవాడి మీద బాధ్యత పెట్టడం, ఆ తరువాత పని ఇచ్చి నిలబెట్టడం. తుపాను దారిలో ఉన్న ఏ జిల్లాకైనా ఈ వరస పనికొస్తుంది.

కృష్ణదేవరాయలు ఇంకో అడుగు ముందుకు వేశాడు. కళింగ దండయాత్రలో 1516లో సింహాచలం దాకా వచ్చిన ఆ రాజు, ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు కొడుక్కి రాజనీతి చెప్పే చోట ఒక రకం అధికారిని పట్టి చూపిస్తాడు. కష్టాలు భరించలేక రైతులు ఊరొదిలి పోతే, వాళ్ళను పిలిచి నిలబెట్టడు. వాళ్ళ పశువులు అమ్ముకుందాం, గాదెలో ధాన్యం అమ్ముకుందాం, ఖాళీ ఇళ్ళు వంటచెరకుకు పనికొస్తాయి అనుకుంటాడు. అలాంటివాణ్ణి పెట్టుకున్న రాజు ఎంత రాజ్యం ఏలినా బాగుపడడని రాయల తీర్పు. ఉద్దానంలో వలస ఏమిటో చెప్పనక్కర లేదు. హైదరాబాదు, చెన్నై, ముంబయి, అండమాన్, గల్ఫ్, ఎక్కడ చూసినా ఇక్కడివాళ్ళున్నారు. మనిషి పోవడాన్ని వాడి ఇష్టంగా తోసెయ్యకుండా పాలన లోపంగా లెక్కగట్టడం రాయల గొప్పతనం. కంపెనీల భాషలో చెప్పుకోవాలన్నా అంతే: మంచి పనివాళ్ళు వరసగా మానేస్తుంటే తప్పు వెతకవలసింది పైఅధికారిలో.

ఈ గ్రంథాలను పొగడ్తతో వదిలేస్తే అది మోసమే అవుతుంది. అర్థశాస్త్రంలో వేగులు అడుగడుగునా ఉంటారు, దండన కులాన్ని బట్టి మారుతుంది. జీతాల పట్టికలో పురోహితుడికి, సేనాపతికి, యువరాజుకు 48,000 పణాలు, శిల్పులకు 120, అట్టడుగు నౌకరుకు 60. పైకీ కిందికీ 800 రెట్ల తేడా. ధర్మశాస్త్రాలు శూద్రులకు, ఆడవాళ్ళకు ఏ స్థానం ఇచ్చాయో అందరికీ తెలిసిందే. వీటిని దాచిపెట్టి మంచి ముక్కలు మాత్రం ఏరి చూపించే శిక్షకుడు వినేవాళ్ళ తెలివిని చిన్నచూపు చూస్తున్నట్టు. నా సమాధానం ఇది: ఆ పుస్తకాల్లోని సమాజ చిత్రాన్ని మనం తిరస్కరించాం, రాజ్యాంగం రాసుకున్నప్పుడే తిరస్కరించాం. అధికారం ఉన్నవాడు లెక్క చెప్పాలి అన్న పద్ధతిని తిరస్కరించడానికి మాత్రం కారణం లేదు. వాళ్ళు ఆ ప్రశ్నను కొందరి తరఫునే అడిగారు. మనం అందరి తరఫునా అడగాలి. పద్ధతి వాళ్ళదైనా హక్కు అందరిదీ.

దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి. రాజులకు ఇవన్నీ తెలిసి ఏం ఒరిగింది? భారతం, రామాయణం పురాణకాలక్షేపంగా ఊరూరా వినబడుతున్న రోజుల్లోనే జమీందారీ దోపిడీ సాగింది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ వెంటనే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలో గుడారి రాజమణిపురం దగ్గర రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ రైతుల్లో ఒకరైన వీరగున్నమ్మ ప్రాణం పోయింది. గొడవకు మూలం అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు. స్వాతంత్ర్యం వచ్చాకా ఇలాంటివి ఆగలేదు. సోంపేట బీల అనే చిత్తడి నేలను కాగితాల మీద బంజరుగా చూపి థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. ఆ బీల నీళ్ళు పొలాలకు పారుతున్నాయని, అందులో చేపలు పట్టుకుని కుటుంబాలు బతుకుతున్నాయని చెప్పేవాళ్ళ మాట చెవికెక్కలేదు. 2010 జూలై 14న కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. పనిమీద వచ్చినవాళ్ళను వాకిట్లో కాపలా కాయించకూడదని అర్థశాస్త్రం మొదటి అధికరణంలో ఉంది. జనానికి అందని రాజుకు దగ్గరివాళ్ళు చెయ్యవలసినదాన్ని చెయ్యరానిదిగా, చెయ్యరానిదాన్ని చెయ్యవలసినదిగా తిప్పి చూపిస్తారని, దాంతో ప్రజలు తిరగబడతారని కారణమూ ఉంది. సోంపేటలో జరిగింది అక్షరాలా అదే. నేల బంజరా కాదా అని అక్కడి చేపలు పట్టేవాణ్ణి ముందే అడిగి ఉంటే సరిపోయేది.

కాబట్టి, పుస్తకం తెలిసినంత మాత్రాన పాలకుడు మారడన్న మాట నిజం. దీన్నిబట్టి ఆ పుస్తకాలు పనికిమాలినవని తేల్చలేం. ప్రశ్న అడిగే హక్కు రాముడికి, నారదుడికి మాత్రమే ఉండి, కట్టెలు కొట్టే గున్నమ్మకు లేకపోవడం దగ్గర లోపం ఉంది. ఈ లోపం అర్థశాస్త్రం రాసినవాడికీ ఒకచోట తట్టినట్టుంది. రెండో అధికరణంలో ఖజానా సొమ్ము కాజేసే 40 పద్ధతులను లెక్కపెట్టాక ఒక ఏర్పాటు చెబుతాడు. అధికారి మీద అనుమానం వస్తే అతను పనిచేసిన ప్రాంతమంతా చాటింపు వేయించాలి: ఫలానావాడివల్ల నష్టపోయినవాళ్ళు వచ్చి చెప్పండి అని. చెప్పినవాళ్ళకు పోయినంత ఇప్పించాలి. మోసాన్ని బయటపెట్టి రుజువు చేసినవాడికి అందులో ఆరోవంతు. ఇక్కడ అడిగేది ఋషి కాడు, ఊరి జనం.

ఇప్పుడు చట్టాలున్నాయి కదా, వేల ఏళ్ళనాటి చాటింపు ఎందుకు అనేది ఆఖరి అభ్యంతరం. చట్టాలున్నాయి, వాటిలో గొప్పవీ ఉన్నాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పదిహేను రోజుల్లో కూలి చెల్లించాలంది, దాటితే రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలన్నది ఆ తరువాత చేరింది. ఆ చట్టం చెప్పిన సామాజిక తనిఖీని దేశంలో అందరికంటే ముందు 2006 నుంచి ఒక పద్ధతిగా నడిపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. మస్టరు కాగితాలు ఊళ్ళోకి తెచ్చి, పేరు పేరునా చదివి, నువ్వు ఇన్ని రోజులు పనిచేశావా, ఇంత డబ్బు నీ చేతికి వచ్చిందా అని బహిరంగ సభలో అడిగారు. తిన్న సొమ్ము కొంత కక్కించారు. అది పనిచేసిన తీరులో జౌగడ బండ, రెండో అధికరణం రెండూ ఉన్నాయి. దాన్ని నడిపిన యువకులకు వాటిని చదవాల్సిన అవసరం రాలేదు. కానీ చట్టాన్ని మన జనం మన మాటల్లో అడగగలిగినప్పుడు దానికి వచ్చే జీవం వేరు. జీతం ఆలస్యం చేస్తే పెద్ద అనర్థమని రాముడే అన్నాడని తెలిసిన మనిషి, కార్ఖానా ఆఫీసు గదిలోకి పోయి అడిగేటప్పుడు బతిమాలుతున్నట్టు మాట్లాడదు.

ఈ పద్ధతి ఉపాధి పనుల దగ్గరే ఆగిపోయింది, అదే నా బాధ. తుపాను పరిహారం జాబితాకు ఇది కావాలి. జీడి కార్ఖానాకు, పీచు మిల్లుకు, 80 కిలోల బస్తా లెక్కన పిక్కలు కొనే వ్యాపారి కాటాకు కావాలి. కొబ్బరి రైతుల సంఘానికి, మత్స్యకార సహకార సంఘానికి, గుడి ధర్మకర్తల మండలికి కూడా. మొదలుపెట్టదగింది తుపానుతోనే. ఈ తీరాన్ని ఫైలిన్ 2013 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తాకాయి. ఏ నెల భయమో అందరికీ తెలుసు. పడిన కొబ్బరి చెట్టుకు పరిహారం ఎంత, తోట కౌలుకు పట్టినవాడికి వస్తుందా లేక పట్టా ఉన్నవాడికేనా, ఫొటో ఎవరు తియ్యాలి, జాబితాలో పేరు లేకపోతే ఎవరి దగ్గరికి పోవాలి, ఎన్ని రోజుల్లో జవాబు చెప్పాలి, ఇవన్నీ సెప్టెంబరులోనే ప్రతి పంచాయతీలో చదివి వినిపించాలి. ఇచ్ఛాపురం, కంచిలి వైపు ఊళ్ళలో ఒడియాలో కూడా వినిపించాలి. ఆ కాగితం కింద ఏ అధికారి పేరు, ఏ ఫోను నంబరు ఉండాలో కూడా అప్పుడే తేల్చాలి.